అరిసెల పాకం

ఇన్నేళ్లుగా అరిసె కొరికినప్పుడల్లా నా గొంతులో ఒక అబద్ధం అడ్డం పడుతోంది. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

భీమవరంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో క్లాసులో ఫస్టు వస్తే నేను, లేకపోతే గ్రేస్. ఇద్దరం ప్రాణస్నేహితులం. చివరి ఏడాది ఒక పంచదార ఫ్యాక్టరీ వాళ్లు ఇంటర్వ్యూలకు వచ్చారు. ఉద్యోగం ఒక్కటే. ముందు నన్ను పిలిచారు. లోపల ఉన్న పెద్దాయన నవ్వుతూ, "అరిసెల పాకం వచ్చిందని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు. నీళ్లలో చుక్క వేస్తే ఉండ కట్టాలండి అన్నాను. అమ్మ చేస్తుంటే చూశాను మరి. అక్కడినుంచి ఫ్యాక్టరీలో పంచదార పలుకు ఎలా కడుతుందనే దాకా ఒక్కో ప్రశ్నా వేస్తూ ఆయనే నన్ను నడిపించుకుపోయారు.

బయటికి రాగానే గ్రేస్ నా చెయ్యి పట్టుకుంది. "ఏం అడిగారే?"

"అన్నీ పంపుల గురించేనే. అవి చూసుకో."

ఎందుకలా అన్నాను? నిజం చెబితే తనే నెగ్గుతుందని తెలుసు కాబట్టి. క్రిస్మస్ వస్తే వాళ్ల పేటలో సగం ఇళ్లకు పాకం చూసిపెట్టేది గ్రేసే. పాపం, అక్కడే నిలబడి పంపుల ఫార్ములాలు బట్టీపట్టి లోపలికి వెళ్లింది. అరిసెలనగానే ఆయన ఆటపట్టిస్తున్నారనుకుని, పాకాన్ని ఏ పంపుతో తోడాలో చెప్పి వచ్చింది. ఉద్యోగం నాకొచ్చింది. నన్ను పంపులడిగి తనను అరిసెలడిగారని ఇప్పటికీ అనుకుంటోంది.

గ్రేస్ రొయ్యల మేత ఫ్యాక్టరీలో చేరి, కొన్నాళ్లకు చెరువు నీళ్లు పరీక్షించే సొంత ల్యాబ్ పెట్టింది. ఇప్పుడు చుట్టుపక్కల రైతులు మేడమ్ గారు సరేననందే చెరువులో రొయ్యపిల్లను వదలరు. మొన్న కాలేజీలో పాత విద్యార్థుల సభ జరిగితే మైకు పట్టుకుని, నన్ను చూపిస్తూ, "ఆ రోజు ఇది పంపులు చదవమంది కాబట్టేనండి, ఇవాళ చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు నా మాట వింటున్నాయి. నా గురువు ఇదే!" అంది. హాలంతా చప్పట్లు. కంగారులో నేనూ కొట్టేశాను, నాకు నేనే! సిగ్గుతో చచ్చిపోయాను. దాన్ని అలా చూసి సంతోషంతో ఏడుపూ వచ్చింది. తను బాగుంది కదా అని నా తప్పు మాఫీ అయిపోతుందా? ఎలా అవుతుంది? ఆ పైకి రావడం తన కష్టం, అబద్ధం నాది.

ఈ క్రిస్మస్‌కీ డబ్బా నిండా అరిసెలు పంపింది. వెనకే ఫోన్లో మెసేజ్: "పాకం కుదిరిందా? నిజం చెప్పు."

కుదిరింది గ్రేస్. ఆ రోజు నన్నూ అదే అడిగారు.

మొదటి మాట పంపాను. రెండోది టైప్ చేసి అలాగే ఉంచాను. మీకైతే చెప్పేశాను కదా, ఇప్పుడే ఒక అరిసె తిన్నాను. చాలా ఏళ్ల తర్వాత హాయిగా గొంతు దిగింది.