రెండు వేళ్ళు చూపించింది!

టీ గ్లాసు అందుకోబోయి కరుణ గాలిని పట్టుకుంది. గ్లాసు నా చేతిలోనే ఉంది. తన చెయ్యి దానికి జానెడు అవతల మూసుకుంది. "ఇంకా నిద్రమత్తు వదల్లేదా అమ్మాయ్" అని నవ్వాను. తను నవ్వలేదు. మంచం మీద కూర్చున్నది అలాగే ఎడమ పక్కకి ఒరిగిపోయి వాంతి చేసుకుంది.

కరుణ నా తోడికోడలు. మండవల్లి దగ్గర మా ఊళ్ళో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, రెండు వాటాలు. మగవాళ్ళు చేపల చెరువులు చూసుకుంటారు. నేను బట్టలు కుడతాను, కరుణ స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆ రోజు పొద్దున్న ఇద్దరం నా స్కూటీ మీద కైకలూరు వెళ్ళి లైనింగు గుడ్డలు తెచ్చుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు నేను స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. బండి ఎగిరిపడింది. వెనక ఒకవైపుగా కూర్చున్న కరుణ వెల్లకిలా రోడ్డు మీద పడింది. నేను బండి ఆపి పరిగెత్తేలోపే తనే లేచి చీర దులుపుకుని, "నాకేం కాలేదక్కా, మీరు కంగారు పడకండి" అంది. ఇంటికొచ్చి అన్నం తింది. తలనొప్పిగా ఉందంటే నేనే టాబ్లెట్ ఇచ్చి పడుకోమన్నాను. తను పడుకున్నంతసేపూ లోపల రక్తం చేరుతూనే ఉందట. తలకి దెబ్బ తగిలితే, మనిషి మామూలుగా మాట్లాడుతున్నా సరే, ముందు ఆస్పత్రికి వెళ్ళాలని నాకెవరూ చెప్పలేదండీ.

ఆ వాంతి చూసి కబురు పెడితే మా ఊరి ఆర్ఎంపీ గారు పరిగెత్తుకొచ్చి, కళ్ళలోకి టార్చ్ వేసి చూశారు. "కుడి కంటిపాప పెద్దదైపోయిందమ్మా. ఇక్కడ ఒక్క నిమిషం ఆగకండి, ఏలూరు తీసుకెళ్ళిపోండి" అన్నారు.

ఏలూరులో సీటీ స్కాన్ తీశారు. న్యూరోసర్జన్ ఒక లేడీ డాక్టరు గారు. ఆవిడ మా మరిది ప్రసాద్‌నీ నన్నూ పిలిచి ఫిల్మ్ చూపించారు. "సబ్‌డ్యూరల్ హెమటోమా అండీ. రక్తం గడ్డ మెదడుని పక్కకి నెట్టేస్తోంది. జీసీఎస్ ఏడుకి పడిపోయింది. మెలకువ ఎంత ఉందో చెప్పే లెక్క అది, మీకూ నాకూ అయితే పదిహేను ఉంటుంది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి."

"బతుకుతుందాండీ?" అన్నాడు ప్రసాద్.

"అవకాశం ఉంది. సంతకం పెట్టండి."

ఆపరేషన్ అయ్యాక ఆవిడ చెప్పిన మాట విని ఇద్దరం నోళ్ళు తెరిచాం. మెదడు వాచింది కాబట్టి దానికి చోటివ్వడానికి కుడిపక్క పుర్రె ఎముక తీసేశారట. ఆ ఎముకని కరుణ పొట్ట మీద చర్మం కింద దాచారట!

"పొట్టలోనా!" అన్నాను.

"అవునమ్మా. అక్కడ పాడవకుండా ఉంటుంది. వాపు తగ్గాక మళ్ళీ తీసి తలకి పెట్టేస్తాం."

మళ్ళీ పెట్టేస్తాం అన్నారంటే బతుకుతుందనేగా! ఆ మాట పట్టుకునే నేను ఐసీయూ బయట కూర్చున్నాను.

తలలోంచి సన్నటి వైరొకటి మానిటర్‌కి వెళ్ళేది. ఐసీపీ అంటారు. తలలో ఒత్తిడి. ఇరవై రెండు దాటకూడదని నర్సమ్మ చెప్పింది. మంచం తలవైపు ఎత్తి పెట్టేవారు, గంటగంటకీ కళ్ళలో టార్చ్ వేసి చూసేవారు. లోపలికి పంపినప్పుడల్లా నా కళ్ళు ఆ నంబరు మీదే. పందొమ్మిది. పదిహేడు. మూడో రోజు ఇరవై ఎనిమిది! మానిటర్ కుయ్యిమని మోగింది. వాపు తగ్గించే మానిటాల్ ఎక్కించారు, మళ్ళీ స్కాన్‌కి తీసుకెళ్ళారు, మత్తు పెంచారు. నేనింక ఆగలేక వరండాలో ప్రసాద్ చెయ్యి పట్టుకుని, "బండి నేనే చూసుకోకుండా ఎక్కించేశాను నాయనా" అని ఏడ్చేశాను.

అతను నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. తర్వాత, "వదినా, ఒకసారి వెళ్ళి నంబరు చూసి రండి. మీరు చూసొచ్చినప్పుడు తగ్గుతోంది" అన్నాడు.

నాకు తెలుసు, అలాంటిదేం ఉండదని. అయినా వెళ్ళాను. ఇరవై ఒకటి! పరిగెత్తుకొచ్చి చెప్పాను.

ఆరో రోజు ఆ వైరు తీసేశారు, మత్తు ఆపేశారు. కరుణ మాత్రం లేవలేదు. గొంతు దగ్గర ట్రకియాస్టమీ చేసి ఊపిరికి గొట్టం పెట్టారు, నిమ్ము చేరి జ్వరం వచ్చింది. "ఓపిక పట్టండి" అన్నారు డాక్టరు గారు. తొమ్మిదో రోజు పొద్దున్న నేను మంచం పక్కన ఉన్నాను. నర్సమ్మ రోజూ అడిగినట్టే గట్టిగా, "కరుణగారూ, రెండు వేళ్ళు చూపించండి!" అంది. కుడిచెయ్యి కొంచెం కదిలింది. ఒక వేలు లేచింది. రెండో వేలూ లేచింది!

"ఎం సిక్స్! ఎం సిక్స్ వచ్చింది డాక్టర్!" అని నర్సమ్మ అరిచింది. చెప్పిన మాట విని చేసిందని దానర్థం. అదేమిటో నాకప్పటికి తెలియదు. తెలియకుండానే చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి ఉరికి, "ప్రసాదూ, ఎం సిక్స్ వచ్చిందట! రెండు వేళ్ళు చూపించింది!" అని కేకలు పెట్టాను. వాచ్‌మన్ కసిరాడు. పక్క బెడ్ల వాళ్ళ చుట్టాలు మాత్రం లేచి చప్పట్లు కొట్టారండీ!

వార్డుకి మార్చి గొంతు గొట్టం తీశాక మాట వచ్చింది. మొదటి మాట నన్ను తిట్టడం! "ఈవిడెవరు? ఊరికే మీద పడుతుంది, బయటికి పంపండి" అంది. ప్రసాద్ ముఖం వాడిపోయింది. డాక్టరు గారు, "పోస్ట్ ట్రామాటిక్ ఆమ్నీషియా, దెబ్బ వల్ల వచ్చిన మతిమరుపు. కొన్నాళ్ళు కలగాపులగంగా ఉంటుంది, తగ్గుతుంది" అన్నారు. నాకైతే ఆ తిట్టు పండగలా ఉంది. గొంతు వచ్చింది కదా!

డిశ్చార్జి చేశాక తాడేపల్లిగూడెంలో వాళ్ళమ్మగారింట్లో ఉంచి ఫిజియోథెరపీ చేయించాం. ఎడమకాలు ఈడ్చేది. ఎముక లేని పక్క తల గుంటపడి ఉండేది, నడిపించేటప్పుడు హెల్మెట్ పెట్టేవాళ్ళం. బాగుందనుకుంటుండగా ఒక ఉదయం ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ ఏలూరు పరుగు, మందు డోసు పెంచారు. మూడు నెలలు నిండాక పొట్టలోంచి ఎముక తీసి తలకి పెట్టేశారు. కట్టు విప్పిన రోజు కరుణ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "గుండ్రంగా ఉందక్కా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆ రోజు ఏం జరిగిందో తనకి గుర్తులేదు. నేనే కూర్చోబెట్టి చెప్పాను, స్పీడ్ బ్రేకర్ సంగతీ, టాబ్లెట్ సంగతీ. కరుణకి కోపం వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మా వాటాలోకి వచ్చి నిలబడి, "నన్నోసారి స్కూల్ దాకా తీసుకెళ్ళండక్కా. మెల్లగా నడపండి" అంది. ఇద్దరికీ హెల్మెట్లు, తను అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుంది. ఆటోలకంటే మెల్లగా వెళ్ళాం. గేటు దగ్గర పిల్లలు చుట్టుముట్టేస్తే ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు రోజుకి రెండు పీరియడ్లు చెబుతోంది. ఎడమచేతి వేళ్ళు కాస్త నెమ్మది, జాకెట్ హుక్స్ నేను పెడతాను. గోలగా ఉంటే తట్టుకోలేదు, మధ్యాహ్నం పడుకోవాలి. ఫిట్స్ టాబ్లెట్లు పూట తప్పకుండా వేసుకుంటుంది.

నేను చెప్పేది ఒక్కటే. తలకి దెబ్బ తగిలినవాళ్ళని చూడ్డానికి వెళ్తే, "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడక్కండి. వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడిగేవారు. పేరు తట్టక కరుణకి చెమటలు పట్టేసేవి, వాళ్ళు వెళ్ళాక దుప్పటి ముసుగేసుకునేది. గదిలోకి అడుగు పెడుతూనే మీ పేరూ చుట్టరికం మీరే చెప్పండి. "కరుణా, నేను సువార్తని, నీ తోడికోడల్ని" అని నేను రోజూ చెప్పేదాన్ని. ఆ తర్వాత ఊరికే పక్కన కూర్చోండి. వాళ్ళకి మాట తోచినప్పుడు వాళ్ళే మాట్లాడతారు.