నా హార్డ్ డిస్క్ చప్పుడు

వారం రోజులుగా నా లాప్‌టాప్ టిక్ టిక్‌మంటోంది. ఈ రోజు లినక్స్‌లో టెస్ట్ పెడితే హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు చూపించింది. థీసిస్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, క్యాంపస్ నుంచి తార్నాకలోని రిపేరు షాపుకి పరుగెత్తాను. షాపతను లాప్‌టాప్‌కి చెవి ఆనించి విన్నాడు. రోడ్డు మీద ఒకటే హారన్లు.

"సప్పుడేం వస్తలేదక్కా. మీ రూంల ఇనవడ్తదా? ఆడ ఎవరుండరా?"

రూమ్మేట్ పోయిన వారం హాస్టల్ ఖాళీ చేసింది. తను ఫోన్లో మాట్లాడుతుంటే ఈ టిక్ టిక్ ఎప్పుడు వినపడింది కనుక! అదంతా అతనికెందుకని, "టెస్ట్‌లో వచ్చింది, మార్చెయ్యండి" అన్నాను.

"పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ ఏసిన అక్కా. ఇది అస్సలు సప్పుడే చెయ్యదు," అన్నాడు సంబరంగా.

నిజమే, చెయ్యడం లేదు. సాయంత్రం నుంచి గదిలో వింటూనే ఉన్నాను. మీ గదుల్లో ఇప్పుడు ఏం వినపడుతోందో కాస్త చెప్తారా?