అందరి ఊపిరితిత్తుల్లో ఒకే మచ్చ

ఆ రోజుల్లో నాకు కంప్యూటరు మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. మెడికల్ ఫిజిక్సు చదివి, అమలాపురంలో ఓ ఆసుపత్రికి డిజిటల్ ఎక్స్‌రే అమర్చడానికి వచ్చాను. (మా అమ్మ మాత్రం నన్ను 'ఫొటోల డాక్టరు' అని చెప్పుకునేది.) సాయంత్రం అన్నీ పరీక్షించి, మిషను బాబాయికి అప్పగించాను. ఎక్స్‌రేలు తీసే ఆ పెద్దాయన్ని ఆసుపత్రంతా బాబాయనే పిలిచేవారు.

మర్నాడు రాజోలు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. కువైట్‌లో ఉద్యోగం కుదిరింది, ముందుగా ఛాతీ ఎక్స్‌రే తీయించుకురమ్మన్నాడట ఏజెంటు. తేడా ఉంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. తెర మీద చూస్తే ఊపిరితిత్తిలో తెల్లగా, గుండ్రంగా మచ్చ. "నేను బీడీ కూడా ముట్టనండీ," అన్నాడు పాపం. తర్వాత వచ్చిన మామ్మగారికీ అదే మచ్చ, ఆ తర్వాత వచ్చిన కానిస్టేబులుకీ అదే, అంగుళం తేడా లేకుండా.

ఇక నా తిప్పలు చెప్పనలవి కాదు. సర్వరు ఆపి మళ్ళీ వేశాను, కేబుళ్ళు పీకాను, కంపెనీవాళ్ళతో ఫోనులో పోట్లాడాను. (వాళ్ళకి 'రీస్టార్ట్ చేశారా' తప్ప వేరే మంత్రం రాదు.) డ్రైవరు బెంచీ మీద ఏజెంటు ఫోను ఎత్తకుండా కూర్చున్నాడు. చివరికి ఒళ్ళు మండి, ఎవరినీ నిలబెట్టకుండా ఖాళీ స్టాండుకే ఎక్స్‌రే తీశాను. దానికీ మచ్చ ఉంది. స్టాండు విప్పి, బొమ్మ పట్టే లోపలి ప్లేటు లాగితే, దాని మీద ఓ పక్కగా దట్టమైన సిందూరం బొట్టు.

"ఇదేంటి బాబాయ్?"

"ఆయ్, నేనేనండీ. కొత్త బండి కొంటే ఐనవిల్లి వినాయకుడి గుడికి తీసుకెళ్తాం కదండీ. మిషను కదల్దాయె, అందుకని రాత్రి ప్లేటు తీసుకెళ్ళి దణ్ణం పెట్టించుకొచ్చేను. మధ్యలో బొట్టెడితే పాడవుద్దేమోనని పక్కకెట్టేనండీ."

"దీన్ని ఎలా తీసుకెళ్ళారు?"

"బండి మీదేనండీ. మా ఆవిడ ఒళ్ళో పెట్టుక్కూచుంది."

లక్షల ఖరీదు చేసే ప్లేటు అది. సిందూరంలో సీసం ఉంటుందనీ, అది ఎక్స్‌రేకి అడ్డమనీ ఎంత చెప్పినా ఆయన తల ఊపడమే తప్ప చింతించినట్టు కనబడలేదు. బొట్టు తుడిచి మళ్ళీ తీస్తే మచ్చ లేదు. డ్రైవరు కళ్ళు తుడుచుకుని, నాకు కాదు, బాబాయికి దణ్ణం పెట్టాడు.

"వినాయకుడే నా మచ్చ తీసేసేడండీ."

"ఆయ్," అన్నాడు బాబాయి తొణక్కుండా.

మచ్చ పెట్టిందెవరో అడిగే నాథుడే లేడు.

ఇప్పుడు ఏ ఆసుపత్రిలో కొత్త మిషను పెట్టినా, బిగించే ముందు "పూజ అయ్యిందాండీ?" అని నేనే అడుగుతున్నాను. బొట్టు బయటి డబ్బా మీద నా చేత్తోనే పెడుతున్నాను. ఆనాటి ఆ కోపిష్టి కుర్రాడు చూస్తే ఏమనేవాడో గానీ, గదిలో ఎవరూ లేకపోతే ఓ దణ్ణం కూడా పెట్టుకుంటున్నాను.