మెట్ల మలుపులో ఆగిపోయిన ఫైలు

మూడో అంతస్తు అమ్మాయి మొగుడి చేత మధ్యాహ్నమంతా మెట్లు ఎక్కించి దింపించిందనీ, తాను గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి "మళ్లీ దిగండి" అంటూ శిక్ష వేసిందనీ వీధిలో ఒక మాట పాకింది. ఎదురింటి దర్జీ అంతటితో ఊరుకోలేదు. మూడు నెలలుగా వాళ్లకు మాటల్లేవనీ, ఆయన మకాం మేడమీది గదికి మారిందనీ, రేపో మాపో విడాకుల కాగితాలు వస్తాయనీ కలిపాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే వీధి అది. కూరల కొట్టావిడ దాన్ని మరికాస్త తడిపి, తూకం పెంచి అమ్మింది.

మెట్ల సంగతి నిజమే. శిక్ష మాట అబద్ధం. మిగతాది దర్జీ దగ్గర మిగిలిపోయిన ముక్కలతో కుట్టింది.

ఆ అమ్మాయిది కంప్యూటర్ పని. ఏ వెబ్‌సైటుకి వెళ్లినా "మీ ఫోటో ఇక్కడ పెట్టండి, కాగితం ఇక్కడ పెట్టండి" అంటూ ఒక పెట్టె కనిపిస్తుంది కదా. నొక్కితే మన ఫోన్లో ఉన్న ఫైలు అవతలివాళ్లకు వెళ్తుంది. వెళ్తున్నంతసేపూ ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంది. ఆ పెట్టెను ఎవరికి వాళ్లు తయారుచేసుకోరు. తలుపు చేయించుకునేవాడు బందులు కొట్లో కొనుక్కున్నట్టు, తయారుగా ఉన్నది తెచ్చి బిగించుకుంటారు. అలాంటి పెట్టె చేసే చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం. పెట్టె మొదటి నుంచీ ఆమె చేతుల మీద పెరిగింది. ఈకలా తేలిగ్గా ఉండాలని అక్కర్లేనివన్నీ కోసి పారేసింది. దాని మీద ఆమెకు కన్నబిడ్డ మీద ఉన్నంత మమకారం, అంతే గుడ్డితనం.

బిగించుకునేవాళ్లను డెవలపర్లంటారు. తలుపు సజావుగా తిరుగుతుంటే బందు చేసినవాణ్ణి తలుచుకునేవాడెవడు? కిర్రుమన్నప్పుడే గుర్తొస్తాడు. వాళ్లు రాసే అభిప్రాయాల కోసం కంపెనీ ఒక పేజీ తెరిచింది. వాటికి జవాబులు రాసే పని కూడా ఈమె నెత్తినే పడింది. జవాబు కింద "సహాయ బృందం" అని సంతకం పెట్టాలని మేనేజరు రూలు. ఆ బృందంలో ఉన్నది ఆమె ఒక్కతే.

పొద్దున్నే కాఫీ కప్పుతో ఆ పేజీ తెరిస్తే కప్పు చల్లారేది, ఒళ్లు వేడెక్కేది. ఒకడు "పనిచేయడం లేదు" అని రాసి పోతాడు. ఏది, ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే నెల తర్వాత "ఇంకా పనిచేయడం లేదు" అంటాడు. ఇంకొకడికి నీలం గీత నచ్చదు, ఆకుపచ్చ కావాలి. మరొకడు ఎలా బిగించాలో చెప్పే పేజీ చదవకుండా తలకిందులుగా బిగించి, పెట్టె తలకిందులుగా ఉందని ఐదు చుక్కలకు ఒక్క చుక్క వేస్తాడు. ఇంకో మహానుభావుడు తన కంపెనీ మీటింగులో ఎవరితోనో పడ్డ గొడవంతా ఇక్కడ వెళ్లగక్కాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటే అదే.

"ఏం మనుషులండీ వీళ్లు," అని భోజనాల బల్ల దగ్గర అనబోయి నాలుక కరుచుకునేది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మొగుడిదీ కంప్యూటర్ పనే. పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఆఫీసు సంగతులు తెచ్చి కంచాల ముందు పోసుకునేవాళ్లు. ఒకరోజు ఆయన ఆమెకు సలహా చెప్పబోవడం, ఆమె "మీ పని మీరు చూసుకోండి" అనడం, కూర గిన్నె అడుగంటడం, రెండు రోజులు పలకరింపులు లేకపోవడం జరిగాయి. ఆ తర్వాత ఆఫీసు మాట వంటగది గడప దాటకూడదనీ, దాటించినవాళ్లు గిన్నెలు తోమాలనీ ఒప్పందం చేసుకున్నారు. మేడమీది గది కథ కూడా అంతే. రెండు గదుల ఇంట్లో ఇద్దరూ ఒకేసారి మీటింగుల్లో మాట్లాడితే చేపల బజారు. అందుకని ఆయన పగలు పైన, ఆమె కింద. వేళకు దిగొచ్చి తిని, సాయంత్రానికి ఇల్లు చేరే మనిషిని దర్జీ వేరుకాపురం పెట్టించాడు.

ఇదిలా ఉండగా అభిప్రాయాల పేజీలోకి ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. అక్కడ ఎవరికి నచ్చిన మారుపేరు వాళ్లు పెట్టుకోవచ్చు. ఇతను గుడ్లగూబ అని పెట్టుకుని, పక్కన బొమ్మ కూడా అంటించాడు. ఒక ఆసుపత్రి సైటుకు ఈ పెట్టె బిగించాడట. రోగులు ఇంటి నుంచే స్కాన్ ఫైళ్లు పంపాలి. అవి పెద్దవి. మధ్యలో సిగ్నల్ తెగి మళ్లీ వస్తే, గీత ఆగిన చోటి నుంచి కాకుండా మొదటి నుంచి మొదలవుతోందని రాశాడు.

"మంచి ఇంటర్నెట్ ఉన్నచోట వాడండి," అని సహాయ బృందం జవాబిచ్చింది.

"మా రోగులు టవర్ ఎక్కి కాపురం చెయ్యడం లేదు," అని గుడ్లగూబ.

"మా పరీక్షల్లో ఇలాంటిది ఎప్పుడూ రాలేదు."

"మీ పరీక్షలు మీ బల్ల దగ్గర చేసుంటారు. ఒకసారి కుర్చీలోంచి లేవండి."

ఆ మాట ఆమెకు ములుకులా దిగింది. నిజానికి ఆమె బల్ల దగ్గరే చేసింది, గోడలోంచి వచ్చే వైరు తగిలించుకుని. పైగా ఆగిన చోటి నుంచి అందుకునే ఏర్పాటు ఒకప్పుడు పెట్టెలో ఉండేది. బరువని ఆమే కోసేసింది. తప్పు తనదేమోనన్న అనుమానం ఉన్నప్పుడు మనిషికి కోపం రెట్టింపవుతుంది. మూడు నెలలు ఆ గుడ్లగూబ వారం తప్పకుండా రాయడం, ఈమె కారం అద్ది జవాబివ్వడం. గదిలో ఒంటరిగా "నీకేం పోయేకాలం, నిద్ర పట్టదా" అని కంప్యూటర్‌ను తిట్టేది. కింద వాటా మామ్మగారికి అవి వినిపించేవి. ఎవరిని తిడుతోందో మాత్రం తెలిసేది కాదు.

భోజనాల దగ్గర మొగుడూ ముభావంగానే ఉండేవాడు.

"అలా ఉన్నారేం?" అనేది.

"ఆఫీసు గొడవ."

"అయితే వద్దు, గిన్నెలు తోమాల్సొస్తుంది."

"అందుకే చెప్పట్లేదు," అని చెయ్యి కడుక్కుని పైకి పోయేవాడు.

చివరికి మేనేజరు ఫోన్ చేశాడు. "ఆ ఆసుపత్రి మనకున్న వాటిలో పెద్దది. శుక్రవారం లోపల సరిచెయ్యకపోతే మనది పీకేసి వేరేవాళ్లది పెట్టుకుంటారట. వాళ్లు పోతే ఈ పెట్టెను నడపడం దండగ. మూసేసి నిన్ను ఇంకో పనిలో వేస్తాను. బుధవారం వాళ్ల డెవలపర్‌తో మాట్లాడదాం. దయచేసి మర్యాదగా మాట్లాడమ్మా."

ఆమెకు పెట్టె మూతపడటం ఒక ఎత్తు, గుడ్లగూబ చేతిలో మూతపడటం ఇంకో ఎత్తు.

బుధవారం మీటింగు మొదలయ్యే వేళకు చెవుల్లో పెట్టుకునేవి ఛార్జింగు అయిపోయి మూగబోయాయి. స్పీకరులోనే పెట్టింది. మేనేజరు పేర్లు చెప్పకుండా, ఇటు సహాయ బృందం, అటు ఆసుపత్రి డెవలపర్ అని పరిచయం చేశాడు. అవతల డెవలపర్ గొంతు సవరించుకుని "నమస్కారమండీ" అన్నాడు. ఆ నమస్కారం ముందు కిటికీలోంచి వచ్చింది, తర్వాత కంప్యూటర్‌లోంచి వచ్చింది.

ఆమె తల పైకెత్తింది. కింద మామ్మగారి కుక్క మొరిగింది. ఆ మొరుగు కూడా కిటికీలోంచి ఒకసారి, గుడ్లగూబ వెనకాల నుంచి ఇంకోసారి వినిపించింది.

"మేడమ్, లైన్లో ఉన్నారా?" అన్నాడు మేనేజరు.

"ఉన్నాను," అంది. ఆ ఒక్కమాటకు మేడమీద కుర్చీ ధనామని పడ్డ చప్పుడైంది. గొంతు ఆయనా గుర్తుపట్టాడు.

ఆయన తన భార్య కంపెనీ సరుకని ముచ్చటపడే ఆ పెట్టెను ఎంచుకున్నాడు. తన ఆఫీసులో ఆ సంగతి చెప్పలేదు, ఇంట్లో చెబుదామంటే కట్టుబాటు. జవాబులు రాసేది వేరే ఎవరో అనుకున్నాడు. ఇలాంటి మొరటు మనిషి పక్కన పనిచేస్తోంది పాపం అని మూడు నెలలుగా పెళ్లాం మీద జాలిపడుతున్నాడు.

"చెప్పేకంటే చూపిస్తేనే మేలు సార్," అన్నాడు మేనేజరుతో, తడబడకుండా. "నేనొక స్కాన్ ఫైలు ఫోన్లోంచి పంపుతూ మెట్లు దిగుతాను. మేడమ్‌గారిని గీత చూస్తూ ఉండమనండి."

రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మలుపులో ఫోన్లు చచ్చిపోతాయని ఆ బిల్డింగులో పసివాళ్లకూ తెలుసు. అక్కడికి రాగానే అందరూ "ఉండండి, మలుపు దాటి చేస్తా" అంటారు. ఆమె కూడా అంటుంది. అన్నేళ్లుగా అంటూనే, అక్కడ తన గీత ఏమవుతుందో ఒక్కసారీ చూసుకోలేదు.

అడుగుల చప్పుడు గుమ్మం దాటి కిందికి పోయాక, తెర మీద గీత ముప్పావు వంతు పాకి ఆగింది. ఆమె మీటింగులో తన గొంతు మూసి, తలుపు తీసి మలుపు దగ్గరికి దిగింది. ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని, చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు.

"ఆ మొరటు మనిషివి నువ్వా?" అన్నాడు నీరసంగా.

"ఆ గుడ్లగూబ మీరా? మూడు నెలలు నా చేతి వంట తింటూ నన్ను కుర్చీలోంచి లేవమంటారా?"

"నువ్వని తెలిస్తే అంటానా?"

"పై మెట్టు ఎక్కి చూపించండి."

ఎక్కాడు. సిగ్నల్ వచ్చింది. గీత మళ్లీ మొదటి నుంచి, ఏమీ ఎరగనట్టు, బయల్దేరింది. ఆమె ఫోన్ లాక్కుని చూసింది. "మళ్లీ దిగండి," అంది. దిగాడు. మళ్లీ సున్న. "ఈసారి నెమ్మదిగా." మళ్లీ సున్న. మెట్ల కింద కుర్చీలో మామ్మగారు పత్రిక అడ్డం పెట్టుకుని అంతా వింది. ఎదురింటి కిటికీలోంచి దర్జీ అంతా చూశాడు, ఏమీ వినలేదు. వీధిలో పాకింది చూసినవాడి కథ.

ఆ తర్వాత రెండు రోజులు ఆ అమ్మాయి తాను కోసేసినదాన్ని వెతికి తెచ్చి అతకడంలోనే ఉంది. అతికితే పెట్టె బరువెక్కింది, తగ్గిస్తే అతుకు ఊడింది. పోనీ చిన్న ఫైళ్ల వరకూ పనిచేస్తోంది కదా, ఒప్పుకోమంది మొగుణ్ణి.

"సగం చేరిన స్కాన్ చూసి డాక్టరు సగం జబ్బుకి మందిస్తాడా?" అన్నాడాయన.

"మీరు నా వైపా, ఆసుపత్రి వైపా?"

"మలుపు దాటేదాకా ఆసుపత్రి వైపే."

శుక్రవారం పొద్దున వాళ్లిద్దరూ కలిసి దిగారు. గీత మలుపులో ఆగింది. ఆగి, అక్కడే నిలబడింది. మెట్టు దిగితే, ఆగిన చోటి నుంచే కదిలి కుడి చివరకు చేరింది. ఆయన పైకెళ్లి, పెట్టెను ఉంచుకుంటున్నామని తన ఆఫీసుకు రాశాడు. అదే పూట గుడ్లగూబ పేరుతో మరో ఐదు లోపాలు కూడా రాసి పడేశాడు. ఆమె పళ్లు నూరుకుంటూ చదివింది.

సాయంత్రం చెత్తబుట్టతో దిగుతుంటే మామ్మగారు దారికి అడ్డంగా కుర్చీ జరిపింది. "ఇలా కూచోవే అమ్మడూ. దర్జీ సంగతి నేను చూసుకుంటాలే. నాకొక్కటి చెప్పు. రాసేది మీ ఆయనేనని తెలిసుంటే, మూడు నెలలు సాగదీయకుండా మొదటి రోజే వినేదానివి కదూ?"

ఆమె చెత్తబుట్ట కింద పెట్టింది.

"తెలిసుంటే మొదటి రోజే 'మీకేం తెలుసు, ఊరుకోండి' అనేదాన్ని మామ్మగారూ. ఆయన ఊరుకునేవారు. ఇవాళ పెట్టె ఉండేది కాదు."