మైకులో దొరికిపోయాను

మయూర్ విహార్‌లోని మా తెలుగు చర్చిలో ప్రసంగాన్ని హిందీలోకి చెప్పేది నేనే. జీతం ఉండదు, మైకు ఉంటుంది.

ఒకసారి నా స్కూటర్ తగిలి సంఘపెద్ద గారి కారు అద్దం పగిలింది. నేను నోరెత్తలేదు. నింద గేటు దగ్గరి గార్డు భయ్యా మీద పడి, ఆయన ఉద్యోగం పోయేలా ఉంది.

ఆ ఆదివారం ప్రసంగం, మనం దాచిన తప్పు దేవుడికి కనిపిస్తుందా అని.

"ప్రభువా, నేను చేసింది నువ్వు చూశావు" అన్నారు పాస్టరు గారు.

వెనక వరసలో భయ్యా వింటుండగా హిందీలో అదే అన్నాను. నోరు అక్కడ ఆగలేదు. "అద్దం పగలగొట్టింది నేనే భయ్యా" అనేసింది.

"అంత నేను చెప్పలేదు కదా బాబూ" అన్నారు పాస్టరు గారు.

భయ్యా లేచాడు. "ముఝే మాలూమ్ థా, నాకు ముందే తెలుసు. ఆ రోజే చూశాను. మీరే చెప్తారని ఆగాను" అన్నాడు.

దేవుడు చూస్తాడని అదివరకే తెలుసు. చూసి కూడా ఓపిగ్గా ఆగుతాడని భయ్యా ముందు నిలబడ్డాకే తెలిసింది.