ఏడో నాటి సద్దులు

కోరుట్ల బస్టాండు వెనుక, ఇరుకు మెట్లెక్కితే లోకల్ చానెల్ గది. అందులో మనిషి ఒక్కడే, మహిపాల్. పాటలెప్పుడు, బంగారు దుకాణం యాడ్ ఎప్పుడు, ఏ ఊరి లైవ్ ఎప్పుడు తెరమీదికి రావాలో పొద్దున్నే కంప్యూటరుకు చెప్పి పెడతాడు. ఆపైన లైన్లు మార్చేది అదే. మారుస్తోందా లేదా అని కూర్చుని చూడటమే అతని నౌకరీ. చూసీ చూసీ కళ్లు మండటం తప్ప దానిలో ఎదిగేదేమీ లేదు.

ఆ సాయంత్రం అక్క లత ఫోన్ చేసింది. వేములవాడ దిక్కు పల్లెకు కోడలై పోయింది.

"ఏందిరా తమ్మీ, మా బతుకమ్మలు టీవీల వస్తలెవ్వు? మీ కెమెరాయన చెరువుకాడనే ఉన్నడు. మీ బావ దుబాయిల రూమోళ్లందర్ని యూట్యూబుల మీ చానెల్ ముంగట కూసోవెట్టిండు."

"సద్దులు ఎల్లుండి గదనే అక్కా!"

"మీకు ఎల్లుండి. మాకు ఏడో నాడే. నా పెండ్లయి గిన్నేండ్లాయె, గది గూడ యాదిల లేదా?"

"వీడియో కాల్ జేయరాదే?"

"నెత్తిమీద బతుకమ్మ వెట్టుకొని ఫోనెట్ల వట్టుకోవాల్రా? నీ కంపిటర్ మంచిగనే ఉంది, నువ్వే కరాబైనవ్."

కోరుట్లలో పుట్టి పెరిగినవాడికి సద్దులంటే, బతుకమ్మలను నీళ్లలో వదిలే ఆ ఆఖరి పండుగంటే, తొమ్మిదో నాడే. అన్ని ఊళ్ల లైవ్‌నూ ఆ రోజుకే పెట్టేశాడు. బావ రవీందర్ చివరిసారి ఇంటికొచ్చి మూడేళ్లయింది. అతను చూడాలనే అక్క ఈసారి నడుమెత్తు బతుకమ్మను పేర్చింది.

తెర మూలన చిన్న గడిలో ఆ ఊరి లైన్ వస్తూనే ఉంది. మహిపాల్ ఇంతసేపూ అటు చూడనే లేదు. చూసేసరికి ఆడవాళ్లు నీళ్లలోకి దిగుతున్నారు. యాడ్ నడుమ చేయి పెడితే నౌకరీ ఊడుతుందని ఓనర్ రాజేశం హుకుం. మహిపాల్ నిట్టూర్చి, మిషన్ చేతిలోంచి లైన్ గుంజుకున్నాడు.

చెరువు తెరమీదికి వచ్చింది. బతుకమ్మలు అప్పటికే నీళ్లమీద దూరంగా పోతున్నాయి. అక్క ఒడ్డున రొట్టె, బెల్లం కలిపిన మలీద పంచుతోంది, వీపు ఇటు పెట్టి.

"ఇటు తిరుగవే అక్కా," అన్నాడు మహిపాల్, ఖాళీ గదిలో.

ఆమె తిరగబోయింది. అంతలో బంగారు దుకాణం యాడ్ వంతు వచ్చింది. కంప్యూటర్ లైన్‌ను మళ్లీ లాక్కుంది. తెర నిండా హారాలు.

ఫోన్ మోగింది. రాజేశమనుకున్నాడు. బావ.

"చూసిన మహిపాల్. ఎనుకకెల్లే చూసిన. జడ జూసి గుర్తువట్టిన."

"బతుకమ్మ కనవడనే లేదు గద బావా."

"కనవడకుంటె ఏమాయె. రూమోళ్లు అడుగుతున్నరు, గా హారాలు గూడ మీ ఇంటామెవేనా అని."

మహిపాల్ నవ్వబోయాడు. ఇంకో కాల్ వస్తోంది. ఈసారి రాజేశమే. మోగనిచ్చి, మోగనిచ్చి, ఎత్తాడు.