బుల్లయ్య కట్టిన పలుపు

కోటిరత్నం ఒక్క కోడెను అమ్ముకోవడానికి ప్రభుత్వం మీద కేసు వేసిందనీ, ఊళ్ళో పశువులన్నీ నోళ్ళు పుండ్లుపడి చచ్చినా తన కోడె లారీ ఎక్కితే చాలనుకుందనీ ఇంకొల్లు బస్టాండు టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. జడ్జిగారి ముందు చీపురు పట్టుకుని నిలబడిందని ఒకరంటే, చీపురు కాదు చెప్పు అని ఇంకొకరు సరిదిద్దుతారు. కోర్టు ఆమె ఒక్కదానికే దారి వదిలిందనీ, మిగతా రైతులు గుడ్లప్పగించి చూశారనీ ముగిస్తారు. ఈ కథను అందరికంటే రక్తి కట్టించి చెప్పేది ఆమె సొంత మరిది చెంచురామయ్య.

చీపురూ చెప్పూ అబద్ధం. కేసు మాత్రం నిజం.

అది రెండువేల మూడో సంవత్సరం. కోటిరత్నానికి అప్పటికి యాభై దాటాయి. భర్త పోయాక పత్తీ మిర్చీ తనే వేయించేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం, కల్లంలో నిలబడి పిలిస్తే కాలవ అవతలి కూలీలు తలెత్తి చూసే గొంతు. ఒకసారి గుంటూరు యార్డులో దళారి గుమాస్తా మచ్చుకని ఆమె బస్తాల్లోంచి కాయలు తీసి తన గంపలో వేసుకుంటుంటే కాసేపు చూసింది. తర్వాత ఆ గంప ఎత్తి, ఉన్నదంతా తన బస్తాలోకి వంపుకుంది. "మచ్చంటే గుప్పెడయ్యా, మీ ఇంటికి ఏడాది పచ్చడి కాదు" అంది. చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. ఆ రోజు నుంచి ఆ కొట్టులో ఆమె బస్తాల జోలికి ఎవరూ రాలేదు.

ఆమె ఇంట్లో పుట్టిన ఒంగోలు కోడె పేరు ముత్యాలు. ఈనిన కొద్ది రోజులకే తల్లి ఆవు పోతే, పక్కింటి ఆవు పాలు సీసాలో పోసి తాగించి పెంచింది. పెరిగాక దాని మూపురం, గంగడోలు చూడటానికి పక్క ఊళ్ళ నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. మాఘమాసంలో బుల్లయ్య కూడా అలాగే వచ్చాడు. అతని తాత ఈ ప్రాంతం నుంచే వలసపోయి, కర్ణాటకలో సింధనూరు దగ్గర కాలవ కింద భూమి చేసుకున్నాడు. అలా వెళ్ళినవాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. తమ క్యాంపులో ఆవులకు మంచి విత్తనపు కోడె లేదని, అందరి తరఫునా తను వచ్చానని చెప్పాడు.

తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఇద్దరూ బేరం తేల్చుకున్నారు. బుల్లయ్య సంచిలోంచి కొత్త పలుపు తీసి ముత్యాలు మెడకు కట్టాడు. కోటిరత్నం పాత పలుపు విప్పి తీసుకెళ్ళి వసారాలో మేకుకు తగిలించింది. అమ్మిన పశువుతో ఇంటి పలుపు ఇవ్వరు; ఇస్తే దొడ్లో పాడి కూడా దాని వెంట పోతుందంటారు. కొన్నవాడు తన పలుపు కట్టాక ఆ పశువు అతనిదే. అది అమ్మినవాళ్ళ దొడ్లోనే ఉన్నా, వాళ్ళు వేసిన చొప్పే తింటున్నా అతనిదే.

"లారీ మాట్లాడుకుని వస్తానక్కా" అని బుల్లయ్య వెళ్ళాడు.

లారీ కంటే ముందు దండోరా వచ్చింది. వినుకొండ వైపు కొన్ని ఊళ్ళలో పశువులకు గాలికుంటు సోకింది. నోటి నిండా పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, మేత ముట్టవు. కాబట్టి తిరిగి చెప్పేదాకా గుంటూరు, ప్రకాశం జిల్లాల పశువుల్ని రాష్ట్రం దాటించకూడదు. కోటిరత్నం ఊళ్ళో రోగం లేదు. టీకాలు అప్పటికే వేశారు. అయినా బుల్లయ్య లారీని చెక్‌పోస్టు దగ్గరే ఆపి, పశువుల కోసమని తెలిసి వెనక్కి పంపేశారు.

మర్నాడు పొద్దున్నే చెంచురామయ్య వచ్చి కోడె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వదినా, ఇంకేముంది, బేరం పోయినట్టే. ఆ పలుపు తీసెయ్. ఈ చుట్టుపక్కలే నేను అమ్మిపెడతా."

"బుల్లయ్య కట్టిన పలుపు నేనెట్టా తీస్తా?"

"అతనేమన్నా చూడొచ్చాడా?"

"ముత్యాలు చూస్తంది గదా."

"ఆ! అది సాక్ష్యం చెప్పుద్ది మరి."

"నీకంటే నిజమే చెప్పుద్దిలే. జరుగు, కుడితి పెట్టాల."

చెంచురామయ్య కొట్టంలోనూ కర్ణాటకకు బేరం కుదిరిన ఎడ్లు రెండు జతలున్నాయి. ఆ సంగతి అతను పైకి అనడు. ఆఫీసర్ల కంట్లో పడితే వచ్చే ఏడాది కూడా అడ్డుపడతారని అతని భయం. ఉత్తర్వు వచ్చిందంటే తలొంచుకోవడమే తెలివైన పనని అతని నమ్మకం.

కోటిరత్నం నమ్మకం వేరు. ఇచ్చిన మాట చెల్లించనివ్వకుండా తనను ఆపింది ఎవరో, ఎందుకో తేల్చుకోవాలి. మండలాఫీసులో అడిగితే పైనుంచి ఉత్తర్వన్నారు. పైనంటే ఎక్కడని అడిగితే ఫ్యాను వైపు చూశారు.

చీరాల నుంచి ఊళ్ళోకి చీరల మూట తెచ్చే సుబ్బరావమ్మకు జ్యోతిర్మయి అని కూతురుంది. ఆ అమ్మాయి హైదరాబాదు హైకోర్టులో కొత్తగా ప్రాక్టీసు పెట్టింది. కోటిరత్నం రైలెక్కి ఆమె దగ్గరకు వెళ్ళింది. జ్యోతిర్మయి అంతా విని, కాగితం మీద రాస్తూ పైకి చదివింది: "నాకు చెందిన ఒంగోలు జాతి కోడెను..."

"నాది కాదమ్మా."

జ్యోతిర్మయి తలెత్తింది. "మీ దొడ్లోనే కదా పిన్నిగారూ ఉంది?"

"ఉంటే? పలుపు బుల్లయ్యది. కోడె అతనిది."

"అలా రాస్తే మొదటి రోజే పట్టుకుంటారండీ. కోడె మీది కానప్పుడు మీకేం నష్టం, ఎందుకొచ్చారు అంటారు. ఈ ఒక్క ముక్క ఒప్పుకోండి, మీదే అనండి."

"కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పాలా? అదెట్టా కుదురుద్ది? నా చేతి మేత తింటంది. అప్పజెప్పాల్సింది నేను. అప్పజెప్పనీకుండా ఆపింది వాళ్ళు. నా మాట పోయింది, నష్టం నాది కాకపోతే ఎవరిది?"

జ్యోతిర్మయి ఆ కాగితం చింపేసి ఇంకోటి తీసుకుంది. బుల్లయ్యను కూడా పిటిషనరుగా చేర్చి, కోడె అతనిదనీ, క్షేమంగా అప్పగించే బాధ్యత కోటిరత్నానిదనీ రాసింది. కోటిరత్నం తడుముకోకుండా సంతకం పెట్టింది.

కేసుకు నంబరు పడి, ఎదుటివాళ్ళకు నోటీసులు వెళ్ళాయి. ఈలోగా రోగం అద్దంకి దాటిందన్న కబురు వచ్చింది. కోటిరత్నం దొడ్డి గుమ్మంలో సున్నం పరిచి, బయటి మనుషుల్ని లోపలికి రానివ్వడం మానేసింది. రోజూ ముత్యాలు నోరు తెరిచి చూసేది, గిట్టలు ఎత్తి చూసేది. బయటికి తోలకుండా కట్టేసి ఉంచడంతో కోడె గుంజకు మెడ రాసుకునేది. పలుపు ఒకచోట పోగులు లేచి సగానికి సగం అయింది.

గుమ్మం అవతల నుంచి చెంచురామయ్య అన్నాడు: "తెగుద్ది వదినా. మేకుకున్న పాత పలుపు కట్టు."

ఆమె పాత పలుపు ముట్టుకోలేదు. జనుపనార తడిపి, పురి పెట్టి, అరిగినచోట అల్లి బిగించింది. అతుకు ఆమెదైనా పలుపు బుల్లయ్యదే.

వాయిదాకు ముందు రోజు ఊళ్ళో ఎస్టీడీ బూత్‌కు జ్యోతిర్మయి ఫోన్ చేసింది. ప్రభుత్వ వకీలు ఒక దారి చూపించాడట. కేసు వెనక్కి తీసుకుంటే ముత్యాలు ఒక్కదానికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చేస్తారు. ఎల్లుండి లారీ ఎక్కించుకోవచ్చు.

"మంచి అవకాశమే పిన్నిగారూ. రేపు జడ్జిగారు ఏమంటారో నేను చెప్పలేను. కేసు పోయి, ఈలోపు రోగం మీ ఊరికి వస్తే కోడె ఇక కదలదు."

"మరి మిగతావాళ్ళ పశువులో?"

"వాటికి ఉత్తర్వు అలాగే ఉంటుంది."

బుల్లయ్యను అడిగి చెప్తానంది కోటిరత్నం. కోడె తనదైతే అప్పుడే చెప్పేసేది. ఫోన్ పెట్టేసి, సింధనూరు నంబరు తిప్పించి బుల్లయ్యతో ఉన్నదున్నట్టు చెప్పింది. "కోడె నీది. ఇప్పుడు తోలకపోతే అసలు నీకు దక్కకపోవచ్చు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

బుల్లయ్య చెక్‌పోస్టు సంగతి ఎత్తాడు.

"అక్కా, నన్ను లారీతో సహా తిప్పి పంపినప్పుడు నా వెనకాల ఇంకా నాలుగు బళ్ళున్నాయి. అందర్నీ ఒకటే మాటన్నారు. నా ఒక్కడికి గేటు ఎత్తితే వాళ్ళ మొహం నేనెట్టా చూడను? నీకేం తోస్తే అది చెయ్యి. పోతే నా కోడే గదా పోయేది."

"పోదులే" అంది కోటిరత్నం. పోదని ఆమెకు తెలియదు. అయినా గట్టిగానే అంది.

జ్యోతిర్మయికి ఫోన్ చేసి చెప్పింది: "వద్దన్నానని చెప్పమ్మా. దొడ్డిదారిన పోవాల్సిన కోడె కాదు అది."

వాయిదాకు ఆమె కూడా వెళ్ళి వెనక బెంచీలో కూచుంది. చేతిలో చీపురు లేదు, చిన్న సంచీ ఉంది. గాలికుంటు ఎంత తొందరగా అంటుకుంటుందో ప్రభుత్వ వకీలు చెప్పాడు. జ్యోతిర్మయి అందులో ఒక్క మాటా కాదనలేదు.

"రోగం ఉన్న ఊళ్ళను మూయమనే మేమూ అంటున్నాం. రోగం లేని ఊళ్ళో, టీకా వేసిన పశువును డాక్టరు వచ్చి చూడటానికి అభ్యంతరం ఏమిటి? చూడకుండానే రెండు జిల్లాలకూ కలిపి తలుపు వేశారు. ఎప్పుడు తీస్తారో ఉత్తర్వులో లేదు."

జడ్జిగారు అదే ప్రశ్న అవతలి వకీలును అడిగారు. అతను కాగితాలు తిరగేశాడు. తారీకు ఎక్కడా లేదు.

రోగం ఉన్న మండలాల్లో నిషేధం అలాగే ఉండాలనీ, మిగతాచోట్ల పశువుల డాక్టరు పరీక్షించి, ఆరోగ్యంగా ఉందని రాసిచ్చిన ప్రతి పశువునూ వదలాలనీ ఉత్తర్వు వచ్చింది. ఆ ఇంగ్లీషులో కోటిరత్నానికి అర్థమైన మాట ఒక్క 'ఒంగోలు' మాత్రమే. జ్యోతిర్మయి వెనక్కి తిరిగి నవ్వడంతో మిగతాది అర్థమైంది.

రెండు రోజులకు డాక్టరు ఊళ్ళోకి వచ్చి, అడిగినవాళ్ళందరి పశువులనూ చూశాడు. ముత్యాలు నోట్లో చెయ్యి పెట్టి నాలుక పక్కకు లాగి చూసి, బాగుందన్నాడు. కానీ బుల్లయ్య లారీ సింధనూరు నుంచి రావాలి. వారం దాటాక వచ్చింది. బుల్లయ్య దిగుతూనే పలుపు చేత్తో తడిమి, అతుకు దగ్గర ఆగాడు.

"మార్చలేదా అక్కా?"

"ఎందుకు మారుస్తా? నీదిగా."

ముత్యాలు లారీ ఎక్కనని మొండికేసింది. కోటిరత్నం లారీకి ఆనించిన చెక్క పలక ఎక్కి ముందు నడిచింది. ఆమె వెనకే కోడె ఎక్కింది. ఆమె దిగి, పక్కకు జరిగి, బండి మలుపు తిరిగేదాకా కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది. తర్వాత మిర్చి కల్లానికి వెళ్ళి, కాయలు తిరగేసే కూలీల మీద అరవడం మొదలుపెట్టింది.

చెక్‌పోస్టులో ఆ ఉత్తర్వు చూపించి గేటు ఎత్తించినవాళ్ళలో ముత్యాలుది మొదటి లారీ కాదు. అంతకు ఐదు రోజుల ముందే, డాక్టరు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, చెంచురామయ్య తన రెండు జతల ఎడ్లనూ కర్ణాటకకు దాటించుకున్నాడు.